"చట్టం మార్చండి" అని అడిగే ముందు: బాల్య వివాహాలపై చిత్తూరు నుంచి నా అనుభవం

"కఠినమైన చట్టం తేవాలి" అని రాసిచ్చిన వినతిపత్రాన్ని ఎవరైనా తీసుకుంటారు, పక్కన నిలబడి ఫోటో కూడా దిగుతారు. ఆ తర్వాత ఆ కాగితంతో ఎవరికీ పని ఉండదు. ఏ చట్టం, ఏ సెక్షన్, అందులో ఏ మాట మారాలి, మార్చే అధికారం ఎవరిది అన్నవి లేకపోతే సెక్షన్ క్లర్కు ఫైలు కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేస్తాడు. కుప్పం, వి.కోట, పలమనేరు వైపు ఆడపిల్లల పెళ్లిళ్ల మీద పనిచేసేవాళ్లతో కలిసి ఈ దారిలో నడిచాను కాబట్టి, పని ఎక్కడ కదులుతుందో ఎక్కడ ఆగుతుందో రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం 18 నిండని అమ్మాయికి గానీ, 21 నిండని అబ్బాయికి గానీ పెళ్లి చేయడం నేరం. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కానీ ఆ పెళ్లి మాత్రం మామూలుగా చెల్లుతుంది! మూడో సెక్షన్ కింద కోర్టుకు పోయి రద్దు చేయించుకుంటేనే పోతుంది, అదీ మేజరయిన రెండేళ్లలోపే. అంటే అమ్మాయికి 20 నిండేలోపు. చంకలో బిడ్డతో అత్తగారింట్లో ఉన్న పిల్ల వకీలును పెట్టుకుని కోర్టు మెట్లెక్కాలి. అది ఎంతమందికి సాధ్యమో ఈ మండలాలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కర్ణాటక దీన్ని 2016 సవరణతో మార్చింది. అక్కడ బాల్య వివాహం మొదటి నుంచే చెల్లదు. 2017 అక్టోబరులో మైనరు భార్యల విషయమై ఇచ్చిన తీర్పులో, మిగతా రాష్ట్రాలూ కర్ణాటక దారిలో నడిస్తే మంచిదని సుప్రీంకోర్టు చెప్పింది. ముళబాగిలు వైపు జరిగితే చెల్లని పెళ్లి, వి.కోటలో జరిగితే చెల్లుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కన 20–24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. వినతిపత్రంలో గణాంకాలకు ఇంతకంటే ఎక్కువ చోటు ఇవ్వొద్దు.

అందరూ అడిగేది ఈ కర్ణాటక సవరణే. అడగాల్సిందే. కానీ దాని దారి చాలా పొడవు. పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలోవి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగలిగినవి. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం సవరణ చేస్తే, రాజ్యాంగం 254వ అధికరణ రెండో క్లాజు కింద రాష్ట్రపతి ఆమోదం రావాలి. శాసనసభ, మండలి, గవర్నరు, ఆపైన ఢిల్లీ. 2019 డిసెంబరులో మన శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు (మహిళలపై నేరాలకు కఠిన శిక్షల బిల్లు) రాష్ట్రపతి ఆమోదం రాక ఆగిపోయిన సంగతి గుర్తుంటే, సభలో చప్పట్లు కొట్టినంత మాత్రాన చట్టం అమల్లోకి రాదని అర్థమవుతుంది.

బాల్య వివాహాల నిషేధ చట్టంలోని 19వ సెక్షన్ మాత్రం రాష్ట్ర ప్రభుత్వానికి నియమాలు చేసే అధికారం ఇచ్చింది. దానికి జీవో చాలు, ఆ తర్వాత శాసనసభ ముందు ఉంచితే సరి. అందుకే మా అభ్యర్థనను రెండు వేర్వేరు కాగితాలుగా చేశాం: నియమాల మార్పు ఒకటి, చట్ట సవరణ ఒకటి. రెండూ ఒకే కాగితంలో రాస్తే ఫైలు మొత్తం న్యాయశాఖ అభిప్రాయానికి పోతుంది, సులువుగా అయ్యేది కూడా దాంతోపాటే ఆగిపోతుంది.

నియమాల్లో ఏం అడగాలి? నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఒక్కటే, బాండు (తల్లిదండ్రుల హామీపత్రం) బదులు ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు). పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తుంది, అధికారులు, పోలీసులు పోతారు, "18 నిండేదాకా పెళ్లి చేయం" అని తల్లిదండ్రులతో రాయించుకుంటారు, రిజిస్టరులో "పెళ్లి ఆపాం" అని రాస్తారు. కొన్ని వారాలకు సరిహద్దు అవతల ఏదో గుడిలో, పొద్దు పొడవకముందే తాళి కట్టించేస్తారు. ఆ బాండును మీరినా పెళ్లికి ఏమీ కాదు. అదే 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర నిషేధ ఉత్తర్వు తెస్తే కథ వేరు. దాన్ని మీరి చేసిన పెళ్లి 14వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచే చెల్లదు, మీరినవాళ్లకు శిక్ష కూడా ఉంది. అత్యవసరమైతే అవతలివాళ్లకు నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. అంటే కర్ణాటక సవరణ ఇచ్చే ఫలితంలో పెద్ద భాగం, ఫిర్యాదు అందిన కేసుల్లోనైనా, ఢిల్లీ దాకా పోకుండా ఇప్పుడే దొరుకుతుంది. "ఫిర్యాదు అందిన 24 గంటల్లో బాల్య వివాహాల నిషేధాధికారి మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయాలి, చేయకపోతే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి" అన్న వాక్యాన్ని నియమాల్లో చేర్చమని అడిగాం. ఆ వాక్యాన్ని యథాతథంగా మనమే రాసివ్వాలి, వాళ్లు రాసుకుంటారులే అని వదలకూడదు.

రెండోది వయసు రుజువు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించుకుని వచ్చి "పాపకు 18 నిండాయి సార్" అంటారు, వచ్చిన అధికారి తిరిగి వెళ్లిపోతాడు. 2015 బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరుస స్పష్టంగా ఉంది. ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆ వరుసనే పెళ్లిళ్ల నియమాల్లోనూ పెట్టమన్నాం. తిరుమల కల్యాణ వేదికలో వయసు రుజువు లేనిదే పెళ్లి చేయరు. ఊళ్లలోని మండపాలకూ గుళ్లకూ అలాంటి నిబంధనే అడగడం తప్పేమీ కాదు.

మూడోది అధికారి. ఈ బాధ్యతను ఇప్పటికే తలకు మించిన పనులున్నవాళ్లకు అదనంగా తగిలిస్తారు. జిల్లా స్థాయిలో ఈ ఒక్క పనికే అధికారి ఉండాలని 2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తేదీ కాగితం మీద ఉంటే కింది స్థాయిలో తోసిపుచ్చలేరు.

ఇక సవరణ కాగితం. కర్ణాటక వాక్యాన్ని దించేసి ఊరుకుంటే ఆడపిల్లకే నష్టం. చట్టంలో నాలుగో సెక్షన్ భరణం, ఆరో సెక్షన్ పిల్లల చట్టబద్ధత గురించి మాట్లాడేది మూడో సెక్షన్ కింద కోర్టు రద్దు చేసిన పెళ్లిళ్ల విషయంలో. పెళ్లి మొదటి నుంచే చెల్లదంటే కోర్టు రద్దు డిక్రీయే ఉండదు, ఆ రెండు రక్షణలూ వర్తించవని అవతలి వకీలు వాదిస్తాడు. అందుకే "మొదటి నుంచే చెల్లని పెళ్లికి కూడా 4, 5, 6 సెక్షన్లు వర్తిస్తాయి" అనే వాక్యం సవరణలో తప్పనిసరిగా ఉండాలి. ఐదో సెక్షన్ పిల్లల సంరక్షణకు సంబంధించింది. మహిళా సంఘాల సమావేశాల్లో అందరికంటే ముందు వచ్చే ప్రశ్న కూడా ఇదే, "అట్లయితే బిడ్డ గతేంది?" అని. దానికి జవాబు లేకుండా సంతకాలు అడగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆధారాల కోసం సమాచార హక్కు దరఖాస్తే దిక్కు. మన రాష్ట్రంలో జిల్లా ఆఫీసుకు రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయికి ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. "ఎందుకు ఆపలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు, రికార్డు మాత్రమే అడగాలి. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయానికి మూడు ప్రశ్నలు చాలు: మండలాల వారీగా అందిన ఫిర్యాదులు, రాయించుకున్న బాండ్లు, 13వ సెక్షన్ కింద వేసిన దరఖాస్తులు. ఎఫ్ఐఆర్‌ల సంఖ్య ఎస్పీ కార్యాలయంలో అడగాలి. బాండ్ల సంఖ్యనూ దరఖాస్తుల సంఖ్యనూ పక్కపక్కన పెడితే వేరే వాదన అక్కర్లేదు. పిల్లల పేర్లు, పెళ్లి ఫోటోలు మాత్రం ఎక్కడా జతచేయొద్దు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద పిల్లల వివరాలు బయటపెట్టడమే నేరం.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చట్ట సవరణ అర్జీ ఇవ్వడం దండగ. అది కలెక్టరు చేతిలోని పని కాదు, "సంబంధిత శాఖకు పంపాం" అని మూసేస్తారు. అక్కడ కలెక్టరు చేయగలిగినవే అడగాలి. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలకు ముందే పురోహితులకు, మండపాల యజమానులకు, శుభలేఖల ప్రెస్సులకు సర్క్యులర్ అలాంటిది. అక్షయ తృతీయ లాంటి రోజుల్లో కలెక్టరే నిషేధాధికారి అని చట్టంలోనే ఉంది.

శాసనసభ దారిలో ఎమ్మెల్యేకు వినతిపత్రం కాదు, తయారైన ప్రశ్న ఇవ్వాలి. కుప్పం ముఖ్యమంత్రి నియోజకవర్గం, ముఖ్యమంత్రి సభలో ప్రశ్న వేయరు కదా. ప్రశ్నకు పలమనేరు, చిత్తూరు వైపు సభ్యులనో, మండలి సభ్యులనో పట్టుకోవాలి. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మౌఖిక జవాబు వస్తుంది, అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. కానీ సమావేశాలు కొద్ది రోజులే జరిగితే దాని వంతు రాకపోవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది, ఫైలుకు నిజంగా పనికొచ్చేది అదే.

ఎదురయ్యే మాటలు కొన్ని ముందే తెలిసుండాలి. "అమ్మాయి వయసు 21 చేశారు కదా" అంటారు. ఆ బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు, 2024లో సభ రద్దుతో మురిగిపోయింది, ఇప్పటికీ 18 ఏళ్లే. "ప్రేమించి వెళ్లిపోయిన జంటల మీద తల్లిదండ్రులు దీన్ని వాడతారు" అన్న అభ్యంతరం మాత్రం నిజమైనది. అందుకే మా నియమాల కాగితంలో అమ్మాయి వాంగ్మూలం విడిగా, మహిళా అధికారి ముందు తీసుకోవాలని చేర్చాం. ఆశా కార్యకర్తల భయం ఇంకొకటి ఉంది, గర్భిణి మైనరని తెలిస్తే కేసవుతుందని ఆ కుటుంబం ఆసుపత్రికే రాదని. దీన్ని నియమాలతో పూర్తిగా తీర్చలేం. చికిత్స ముందు, సమాచారం తర్వాత అన్న సూచన ఆరోగ్యశాఖ నుంచి విడిగా రావాలి, దానికి మూడో కాగితం.

వెలగపూడి సచివాలయంలో తపాలు విభాగం ఇచ్చే ఇన్‌వార్డు నంబరు రాయించుకోకుండా బయటికి రావొద్దు. తర్వాత "ఈ నంబరు కాగితం మీద రాసిన నోట్ ఫైల్ (అధికారులు ఫైలులో రాసుకున్న వ్యాఖ్యలు) ప్రతి ఇవ్వండి" అని సమాచార హక్కు కింద అడిగితే, ఫైలు ఏ టేబులు దగ్గర, ఏ అభ్యంతరంతో ఆగిందో తెలుస్తుంది. తర్వాతి వినతిపత్రం ఆ అభ్యంతరానికి జవాబుగా రాయాలి.