సాహివాలా, గిరా అని అడిగే ముందు మీ ఆవు రక్తం లెక్క చూడండి

సాహివాల్, గిర్ లాంటి ఎండను తట్టుకునే దేశవాళీ జాతుల గురించి మే నెలలోనే ఆలోచించాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య కొట్టంలో ఆవు పక్కన నిలబడి, డొక్క ఎన్నిసార్లు ఎగిసి పడుతోందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 40 లోపు ఉంటే ఆ ఆవు బాగానే ఉంది. 60 దాటితే వేడికి కష్టపడుతోంది. 80 దాటి, నోరు తెరిచి చొంగ కారుస్తుంటే వెంటనే ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా చూడాలి. రాత్రి పదింటికి మళ్లీ లెక్కపెట్టండి. అప్పటికీ డొక్కలు ఎగరేస్తున్న ఆవుకు పుట్టబోయే పెయ్యలో విదేశీ రక్తం, అంటే జెర్సీ లాంటి జాతుల వాటా, తగ్గాలి. ఈ రెండు అంకెలనూ ఆవు పేరు పక్కన రాసిపెట్టుకోండి.

కోస్తావాళ్లు ఒక మోసం గమనించాలి. పాడి పశువులకు వేడిని, తేమను కలిపి లెక్కగట్టే సూచిక ఒకటుంది. అది 72 దాటితే ఎక్కువ పాలిచ్చే విదేశీ జాతి హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్‌ఎఫ్) ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. 25 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నప్పుడే అది దాదాపు 72కి చేరుతుంది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న పొడి ఊళ్లో సుమారు 84 వస్తే, 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న సముద్రపు పక్క ఊళ్లో 87 వస్తుంది. థర్మామీటర్ తక్కువ చూపించిందని హెచ్‌ఎఫ్ రక్తం పెంచుకుంటూ పోతే కోస్తాలోనే ఎక్కువ నష్టం.

ఇక అసలు లెక్క. దూడకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. నాటు ఆవుకు జెర్సీ వీర్యం వేయిస్తే పెయ్యలో విదేశీ రక్తం 50 శాతం. దానికి మళ్లీ జెర్సీ వేయిస్తే 75, ఆ తర్వాత 87.5. చాలా కొట్టాల్లో జరుగుతున్నది ఇదే. పాలు పెరుగుతాయన్న ఆశతో ప్రతి ఈతకూ అదే వీర్యం. మూడో తరానికి పిడుదుల జ్వరాలు, చూడి నిలవకపోవడం, వేసవిలో సగానికి పడిపోయే పాలు. బ్రెజిల్‌లో గిర్‌తో తయారుచేసిన గిరోలాండో, మన దేశంలో సాహివాల్‌తో తయారుచేసిన ఫ్రీస్‌వాల్ అనే సంకర జాతులు రెండూ హెచ్‌ఎఫ్ రక్తాన్ని 62.5 శాతం దగ్గర నిలిపినవే. అదీ మేత, నీడ, నీళ్లు సరిగా ఉన్నచోట. రెండు మూడు ఆవులున్న కొట్టంలో సగం దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

75 శాతానికి చేరిన ఆవుకు సాహివాల్ లేదా గిర్ వేయించండి. పెయ్య 37.5 శాతానికి దిగుతుంది. తల్లి కంటే పాలు తగ్గుతాయి, మొదటి ఈత కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. ఈ సంగతి ముందే తెలిసి దిగాలి. అంత తగ్గడం ఇష్టం లేకపోతే విదేశీ రక్తం సగం ఉన్న సంకర ఆబోతు వీర్యం అడగండి, 62.5 దగ్గర నిలుస్తుంది. సగం రక్తపు ఆవుకు కూడా అదే సంకర ఆబోతు సరిపోతుంది. శాతం 50 దగ్గరే ఉంటుంది కానీ, మొదటి తరంలో కనిపించిన జోరు సగానికి తగ్గుతుంది. పెయ్యలన్నీ ఒక్క తీరుగా రావు, అందుకే వాటిలోంచి ఏరుకోవాలి. నాటు ఆవు చిన్నదైతే హెచ్‌ఎఫ్ జోలికి వెళ్లకుండా జెర్సీ వేయించండి. పెద్ద దూడ బయటికి రాక ఇరుక్కుంటే ఆవే పోవచ్చు.

సాహివాల్, గిర్ రెండింటికీ వదులు చర్మం, పెద్ద గంగడోలు, బాగా చెమట పట్టే ఒళ్లు. తేడా కన్నా పోలికే ఎక్కువ. మీ దగ్గర ఏ ఆబోతు తల్లి పాల వివరం దొరికితే దాన్ని తీసుకోండి. రెంటి సంతతిలోనూ దూడ పక్కన లేకపోతే పాలు ఎగజేపే ఆవులు వస్తాయి. తొలి ఈతలోనే అలవాటు చేయాలి: ముందు దాణా, తర్వాత గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడగడం, చేపిన వెంటనే ఆపకుండా ఏడు నిమిషాల్లో పితికేయడం. పాలు చేపించే సూది అలవాటు చేయకండి. మేలు రకం ఒంగోలు, పుంగనూరు ఆవులుంటే మాత్రం వాటి జాతి ఆబోతు వీర్యమే వేయించండి. వేరే రక్తం ఒకసారి కలిస్తే ఆ జాతి తిరిగి రాదు.

వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటారు. దాని మీద ఆబోతు నంబరు, జాతి అచ్చై ఉంటాయి. ఊళ్లో వీర్యం వేసే గోపాలమిత్ర దాన్ని గోరువెచ్చని నీళ్లలో వేసే ముందే చదివి రాసుకోండి. గడ్డకట్టిన వీర్యం ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, రాసుకోకపోతే రేపు పెయ్యకు దాని తండ్రి వీర్యమే పడొచ్చు. గడ్డ కరగడానికి నీళ్లు 37 డిగ్రీలు, 30 సెకన్లు. ఎండలో బండి పెట్టెలో కాలిన, వీర్యం ఎక్కించే గన్ను వాడితే ఎంత మంచి వీర్యమైనా చచ్చిపోతుంది, దాన్ని నీడలో చల్లారనివ్వమని చెప్పండి.

వేసవిలో ఎద రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి పోతుంది, దేశవాళీ రక్తం పెరిగేకొద్దీ ఇంకా మూగగా ఉంటుంది. రాత్రి పదింటికి, తెల్లవారుజామున ఐదింటికి తీగలా సాగే స్రావం కోసం తోక కింద చూడండి. సాయంత్రం ఎద కనబడితే మర్నాడు పొద్దున్నే, పొద్దున కనబడితే ఆ సాయంత్రమే వేయించాలి. జులై, ఆగస్టుల్లో చూడి కట్టిన ఆవు ఏప్రిల్, మేలో ఈనుతుంది. వీలైతే జులై, ఆగస్టుల్లో వీర్యం వేయించకండి. వీర్యం వేయించాక తొలి వారమంతా ఆవును నీడలోనే కట్టి, నీళ్ల తొట్టి ఖాళీ కాకుండా చూడండి. ఒళ్లు కాగితే లోపలి పిండం ఆ వారంలోనే చెడిపోతుంది.