శారీ గార్డుకు ఆరు వందల యాభై

రాత్రి పదకొండున్నర అయింది. బిల్లు ఇంకా బల్ల మీదే ఉంది. ‘శారీ గార్డు, బిగింపుతో సహా: 650.’ ఈ ఒక్క వరుస సాయంత్రం నుంచి నన్ను పట్టుకుని వదలడం లేదు.

బండి మంగళవారం వచ్చింది. నలుపు, వంద సీసీ. నలభై మూడేళ్ళ వయసులో నా పేరు మీద వచ్చిన మొదటి మోటారు సైకిలు. ఆ సంతోషం గురించి రాయాలనే నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. తీరా కూర్చుంటే ఈ బిల్లే ముందుకొస్తోంది.

కౌంటరు దగ్గర కుర్రవాణ్ణి అడిగాను, ఇది బండితో పాటు ఇవ్వాల్సిన వస్తువు కదా అని. “ఇది ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ సార్, కావాలన్నవాళ్ళకే వేస్తాం” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ ఆ ‘ఎక్స్‌ట్రా’ అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. సీటు కవరు ఎక్స్‌ట్రా కావచ్చు. ట్యాంకు మీద అంటించే బొమ్మ ఎక్స్‌ట్రా కావచ్చు. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా ఆపే వస్తువు ఎక్స్‌ట్రా ఎలా అవుతుంది?

ఇంటికొచ్చి ఫోనులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 తీసి చదివాను. 123వ నిబంధన ఉన్నదే దీని కోసం. వెనక కూర్చున్నవారు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. ఇంత తేటగా రాసి ఉంది. 138వ నిబంధనలో ఇంకొకటి కనిపించింది. ద్విచక్ర వాహనం అమ్మేటప్పుడు ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ కూడా ఇవ్వాలట. నాకు హెల్మెట్ ఇచ్చారు, పన్నెండు వందలు తీసుకుని. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా, వీటికి కట్టిన డబ్బు గురించి నేను ఒక్క మాట అనను. ‘హ్యాండ్లింగ్’ అని ఇంకొక వరుస ఉంది. ఎవరు దేన్ని మోశారో అడిగితే జవాబు లేదు. సోమవారం సెలవు పెట్టయినా సరే, ఈ రెండు నిబంధనలూ కాగితం మీద ముద్రించుకుని వెళ్ళి మేనేజరు ముందు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

మా ఇంట్లో ఈ గార్డు అన్న మాటకున్న బరువు ఆ కుర్రవాడికి తెలియదు.

1990 వేసవి. నాకు ఎనిమిదేళ్ళు. నాన్న సెకండ్ హ్యాండులో కొన్న రాజ్‌దూత్ ఉండేది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవారు, స్టార్టు చేస్తే వీధి చివరిదాకా నీలం పొగ. వెనక గార్డు ఎప్పుడో విరిగితే పాత యజమాని తీసేయించాడు. నాన్న మళ్ళీ వేయించలేదు. కొవ్వూరులో పెళ్ళి చూసుకుని సాయంత్రం రాజమండ్రి తిరిగి వస్తున్నాం. నేను ట్యాంకు మీద, అమ్మ వెనక ఒక పక్కకు తిరిగి, పట్టుచీరలో. రోడ్డు కమ్ రైలు వంతెన మీద సగం దాటామో లేదో కింద రైలు వచ్చింది. పైన రోడ్డు, కింద పట్టాలు, చుట్టూ గోదావరి. రైలు వస్తే వంతెనంతా అదురుతుంది. పక్కనున్న హేవలాక్ వంతెన మీద కూడా ఇంకా రైళ్ళు నడుస్తున్న రోజులవి. రెండింటి మీదా ఒకేసారి రైళ్ళు రావాలని వంతెన ఎక్కిన ప్రతిసారీ కోరుకునేవాణ్ణి. ఆ రోజు నిజంగానే అలా వచ్చాయి. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను, “రెండు రైళ్ళు, నాన్నా, రెండు రైళ్ళు” అని.

అమ్మ కూడా అరిచిందట. కొంగు చువ్వల్లోకి పోయింది. అప్పటికి రెండుసార్లు “ఏమండీ” అని పిలిచిందట. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. నేను వెనక్కి తిరిగేసరికి అమ్మ సీటు మీద లేదు.

వెనక వస్తున్న లారీ ఆగింది కాబట్టి సరిపోయింది. అందులోంచి క్లీనరు దిగి కత్తితో కొంగు కోశాడు. అమ్మ ఎడమ మోచెయ్యి విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి పూర్తిగా చాచలేకపోయింది, ఇప్పటికీ చాచలేదు. జడ వేసుకోవడానికి ఆ చెయ్యి పైకి లేవదు, చెల్లే వేసేది, ఇప్పుడు మా ఆవిడ వేస్తోంది. నెల తిరగకుండా నాన్న బండి అమ్మేశారు. ఉద్యోగం ఉన్నంత కాలం సైకిలే. డిగ్రీ చదివే రోజుల్లో బండి నేర్చుకుంటానని అడిగితే “సైకిలుంది కదా” అనేవారు, ఇంకేమీ అనేవారు కాదు. ఒక్కసారి మాత్రం, రిటైరయ్యాక, నన్ను అడిగారు: “ఆ రోజు అమ్మ పిలిచినట్టు నీకేమైనా వినిపించిందా?” లేదన్నాను. నిజంగానే వినిపించలేదు. నేను రైళ్ళను చూసి అరుస్తున్నాను. నాన్న నా తల నిమిరారు.

ఇంతవరకు రాసినదాంట్లో ఒక సంగతి దాచాను. మంగళవారం బండి అప్పగించేటప్పుడు ఆ కుర్రవాడు నన్ను అడిగాడు, “గార్డు వేయమంటారా సార్? లేకపోతే చక్రం నిండుగా కనిపిస్తుంది” అని. నేను చక్రం వైపు చూశాను. కొత్త చువ్వలు ఎండలో మెరుస్తున్నాయి. “వద్దులే” అన్నాను. ఆ మాట అన్నది నేను. అప్పుడు నాకు వంతెన గుర్తు రాలేదు, క్లీనరు కత్తి గుర్తు రాలేదు.

అమ్మ తణుకు నుంచి ఇవాళ ఉదయమే వచ్చింది. వచ్చీ రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా బండికి దిష్టి తీస్తానని పళ్ళెం తెచ్చింది. హెడ్‌లైటుకు బొట్టు పెట్టింది, ట్యాంకుకు పెట్టింది, చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి వెనక చక్రం దగ్గర ఆగింది. కుడి అరచెయ్యి ఆ చువ్వల మీద ఆనించి కాసేపు అలాగే ఉంది. “బాగుందిరా” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆఫీసులో రోజంతా ఏ ఫైలు తీసినా ఆ చెయ్యే కనిపించింది. సాయంత్రం నేను బావమరిదిని వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళి గార్డు వేయించింది అందుకే.

కాబట్టి ఆ ఆరు వందల యాభై కోసం పోట్లాడే ముఖం నాకు లేదు. ఆ కుర్రవాడి మీద కోపం కూడా ఇప్పుడు లేదు, ఆ ప్రశ్న అతనికి ఎవరో నేర్పారు. హెల్మెట్, హ్యాండ్లింగ్ సంగతి వేరు. వాటి కోసం సోమవారం వెళ్తాను. గార్డు ప్రస్తావన కూడా తెస్తాను, డబ్బు తిరిగి ఇమ్మని కాదు. ఇంకెవరినీ ఆ ప్రశ్న అడగవద్దని.

సంతోషం గురించి రెండు ముక్కలైనా రాయాలి. ఇవాళ మూడో గేరు వేశాను. రోజూ ఉదయం ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్తున్నాం. “బావగారూ, క్లచ్ సగం వదిలి అక్కడే ఆపండి, బండే ముందుకు లాగుతుంది, అప్పుడు ఎక్సిలరేటర్ ఇవ్వండి” అని బావమరిది ఓపికగా చెబుతాడు. బుధవారం పదకొండుసార్లు ఇంజను ఆగింది. ఇవాళ ఒక్కసారే. మునివేళ్ళతో ముందుకు నొక్కితే గేరు పెరుగుతుంది, మడమతో వెనక్కి నొక్కితే తగ్గుతుంది, ఇది ఇప్పుడు ఆలోచించకుండానే కాలికి తెలుస్తోంది. మూడో గేరులో ఇంజను గొంతు మారి, చెంపలకు చల్లగాలి తగిలినప్పుడు నాన్న గుర్తొచ్చారు.

రాత్రి భోజనాలయ్యాక చూస్తే గార్డు వదులుగా ఉంది, కదిపితే గలగలమంటోంది. స్పానరు తెచ్చుకుని కింద కూర్చున్నాను. అమ్మ తనంతట తానే వచ్చి టార్చి పట్టుకుంది.

“ఆ ఎర్ర అక్షరం ఎన్నాళ్ళుండాలి?” అంది, ఎల్ బోర్డు చూసి.

“లెర్నర్స్ లైసెన్సు వచ్చి ముప్పై రోజులు దాటాక పరీక్ష పెడతారమ్మా. అది పాసయ్యేదాకా, నేర్పేవాళ్ళు తప్ప వెనక ఎవరూ కూర్చోకూడదు.”

మనసులో లెక్క వేసుకున్నట్టుంది. “అప్పటికి కార్తీకం వచ్చేస్తుంది. కొవ్వూరు గోష్పాదం చూసి చాలా ఏళ్ళయింది” అంది.

నేను తల ఎత్తి చూశాను. టార్చి వెలుగు చక్రం మీదే ఉంది.

“ఆ కింది బోల్టు ఇంకా కదులుతోంది చూడు, కొంచెం బిగించు” అంది.