సుంకరపాలెం నుంచి మోటుపల్లి దాకా

కత్తిపూడిలో మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు జాతీయ రహదారి నాకు చాలాకాలంగా ఒక వంశవృక్షంలా కనిపిస్తోంది. మా ఇంటిపేరు సుంకర. పెళ్లిళ్లలో, రైళ్లలో, ఆసుపత్రి వరండాల్లో "మాదీ సుంకరేనండీ" అంటూ పలకరించినవాళ్ల ఊళ్లు అడిగితే, ఎక్కువమందివి ఈ రోడ్డుకు అటూ ఇటూనే ఉంటాయి. గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు దాటితే పలకరించేవాళ్లు తగ్గిపోతారు. తెలంగాణలోకి వెళ్తే మాట కొంచెం మారి సుంకరి అవుతుంది. అక్కడ అది ఇంటిపేరే కాదు, ఊరి కొలువు కూడా. నీరడి, మస్కూరి, కావలికారు లాగా సుంకరి అనే గ్రామసేవకుడు మొన్నమొన్నటిదాకా ఉండేవాడు.

మన ఇళ్లపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. తాడేపల్లి, కొండపల్లి, కాకర్ల అంటూ ఎక్కడినుంచి వచ్చామో చెబుతాయి తప్ప ఏం చేసేవాళ్లమో చెప్పవు. పని చెప్పే పేర్లు తక్కువ. కరణం, తలారి, రాయసం, ప్రెగడ లాంటివి. సుంకర అంటే సుంకం వసూలు చేసేవాడు, వాటిలో కాస్త అప్రతిష్ఠ ఉన్న పని. "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు" అని సామెతే ఉంది. ఎడ్లు పడిపోయాయన్నా, సరుకు తడిసిపోయిందన్నా వినకుండా చెయ్యి చాచేవాడన్నమాట. సుంకం ఎగ్గొట్టాలని రాత్రంతా అడ్డదారుల్లో తిరిగి, తెల్లారేసరికి సరిగ్గా సుంకం పాక ముందే తేలిన బండివాడి కథ మీద సంస్కృతంలో "ఘట్టకుటీ ప్రభాత న్యాయం" అని ఒక న్యాయం కూడా పుట్టింది. పండితులకు కూడా మావాళ్లంటే పడలేదు.

ఈసారి కారు, డ్రైవింగు తెలిసిన బావమరిది, కొంచెం తీరిక కలిసొచ్చాయి. కాకినాడలో పొద్దున్నే బయల్దేరాం.

మొదటి మజిలీ నేను ముందే అనుకున్నది. తాళ్లరేవు దాటాక, యానాం ఇంకా రాకముందు సుంకరపాలెం వస్తుంది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది. అక్కడ మద్యం ధర వేరు, పన్ను వేరు. కాబట్టి సరిహద్దున ఆంధ్ర వాళ్లకు ఒక చెక్‌పోస్టు ఉండాల్సిందే. అది ఉన్నది సుంకరపాలెంలో! బోర్డు కనపడగానే కారాపించాను. రోడ్డు పక్కన టీ కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవరింటికండీ?" అన్నాడు. ఎవరింటికీ కాదని, మా ఇంటిపేరుతో ఊరుందని చూడ్డానికి వచ్చామని చెప్పాను.

"ఇంటిపేరు చూసుకుని వచ్చారాండీ? ఇక్కడ చెక్‌పోస్టు తప్పితే చూడ్డానికేవుందండీ... ఆయ్."

"అదే చూడ్డానికొచ్చామండీ" అన్నాను. ఆయనకది వెటకారంలా వినిపించిందేమో, టీ మాత్రం బాగా కలిపి ఇచ్చాడు.

ఈ సరిహద్దు ఇవాళ్టిది కాదు. ఫ్రెంచివాళ్లు 1723లో యానాంలో దిగారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీ, ఇంకో పక్క కోరంగి రేవు. ఇన్ని జెండాలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నచోట సుంకం వసూలు చేసేవాడికీ, దాన్ని దాటించేవాడికీ పనికి కొదవ ఉండదు. సరుకులే కాదు, పెళ్లిళ్లు కూడా ఈ గీత దాటాయి. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చాక, బాల్యవివాహాలు చేయదలచినవాళ్లు యానాం వచ్చి చేసుకుపోయేవాళ్లు. అందుకే దానికి కల్యాణపురం అని పేరు పడింది. మా బావమరిది ఈ ముక్క విని, "ఆ పెళ్లిబళ్లకి మీవాళ్లు ఎంత పట్టేవాళ్లు బావా?" అన్నాడు.

యానాం నుంచి వంతెనెక్కి కోనసీమలోకి దిగాలి. నేను ద్రాక్షారామం వైపు తిప్పమన్నాను. భీమేశ్వరుడి దర్శనం ఒక కారణం, అసలు కారణం గోడలు. ఆ గుడి గోడల మీదా స్తంభాల మీదా అక్షరం లేని రాయి కోసం వెతుక్కోవాలి. వాటిలో చాలా శాసనాలు కులోత్తుంగ చోళుడి ఏలుబడి నాటివి. చోళుడన్న మాటే గానీ ఆయన మనవాడే. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. వేంగి రాకుమారుడైన ఆయన 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. తమిళులు ఆయనకు పెట్టుకున్న ముద్దుపేరు "సుంగం తవిర్త చోళుడు", అంటే సుంకం మాన్పించినవాడు. నాకు ఇందులో భలే తమాషా కనిపిస్తుంది. సుంకం తీసేసినందుకు తమిళదేశంలో తరతరాలు తలుచుకున్న రాజు ఈ గోదావరి గడ్డను ఏలిన వంశం వాడు. అదే గడ్డ మీద సుంకర అనే ఇంటిపేరు ఇంతమందికి మిగిలింది. ఆయన తర్వాత వచ్చిన రాజులెవరూ ఆ మాన్పించే పని పెట్టుకోలేదు మరి.

కోనసీమ గురించి ఇక్కడ రాయను. కొబ్బరిచెట్లు, కాలవలు అందరూ రాసినవే. రాజోలు దాటి, గోదావరి పాయ మీద చించినాడ వంతెనెక్కి నరసాపురం వైపు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో బండికి టోలు కట్టాల్సి వచ్చిన ప్రతిచోటా అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీ నుంచి డబ్బు పోతూనే ఉంది. సుఖదుఃఖాలు చెప్పుకోడానికి మనిషి కూడా లేడు.

బందరు చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే డచ్చివాళ్ల సమాధులు చూశాం. పదిహేడో శతాబ్దపు రాతి పలకల మీద అక్షరాలు ఇంకా నిగనిగలాడుతున్నాయి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఈ రేవుకు వచ్చారు. వచ్చినప్పటినుంచీ ఇద్దరి గొడవా ఒకటే, సుంకం. గోల్కొండ అధికారులు రేవులో ఒకటి, దారిలో ఇంకోటి పట్టేవాళ్లు. చివరికి 1632లో ఇంగ్లీషువాళ్లు గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా సంపాదించారు. బంగారు ఫర్మానా అంటారు దాన్ని. ఏడాదికి 500 వరహాలు ఒక్కసారే కట్టేసి, రాజ్యంలోని రేవుల్లో ఇష్టంవచ్చినట్టు వ్యాపారం చేసుకోవచ్చు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఏడాది పాసు. ఆ పాసు పుచ్చుకున్నవాళ్లు తర్వాత దేశాన్నంతటినీ ఏం చేశారో తెలిసిందే కదా.

బందరులో మా దూరపు బంధువుల ఇంట్లో భోజనం చేస్తుండగా అసలు చిక్కు బయటికొచ్చింది. వాళ్ల వీధిలోనే ఇంకో సుంకర వారున్నారు. కులం వేరు, గోత్రం వేరు, చుట్టరికం ఏమీ లేదు. ఇది నాకు కొత్త కాదు. కాపుల్లో సుంకర వారున్నారు, కమ్మవారిలో ఉన్నారు, మరికొన్ని కులాల్లోనూ ఉన్నారు. పని మీద పుట్టిన పేరైతే ఆ పని చేసే కులంలోనే ఉండాలి కదా అన్నది మా బావమరిది ప్రశ్న. కుండలు చేసేవాళ్ల పేరు కుమ్మరి వాళ్లలోనే ఉంది, మరి ఇదెందుకు చెదిరిపోయింది?

నేను చదివినదాన్ని బట్టి నాకు తోచిన జవాబు ఇది. సుంకం వసూలు ఏ ఒక్క కులానికీ కట్టుబడిన వృత్తి కాదు. అది గుత్త. రాజు దగ్గర ఇంత కడతానని పాడుకున్నవాడిది ఆ ఏటికి ఆ దారి, ఆ సంత, ఆ ద్వారం. విజయనగరంలో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన లెక్క చూడండి. నగరంలోకి సరుకు వచ్చే ఒక ద్వారాన్ని ఏడాదికి 12,000 వరహాలకు గుత్తకిచ్చేవారట. గుత్తదారుడికి కట్టకుండా ఊరివాడైనా పైవాడైనా లోపలికి అడుగుపెట్టలేడు. రోజూ రెండు వేల ఎడ్లు సరుకుతో దూరేవి, కొమ్ముల్లేని ఎడ్లకు మాత్రం సుంకం లేదు. ఇంత డబ్బు తిరిగే చోట కులం కంటే చేతిలో పైకం, వెనక నలుగురు మనుషులు ఉండటం ముఖ్యం. సరుకు అమ్మితే స్థలాదాయం, ఊరు దాటి పోతే మార్గాదాయం, పరదేశానికి ఎగుమతైతే మామూలాదాయం. మూడింటికీ ఎక్కడికక్కడ మనుషులు కావాలి. కాబట్టి సుంకర అన్నది ఒకే మూలపురుషుడి నుంచి కొమ్మలేసిన పేరు కాదు, ఒక్కో రేవు దగ్గర, ఒక్కో సంత దగ్గర విడివిడిగా మొలిచిన పేరు అని నేననుకుంటాను. 1844లో మద్రాసు ప్రెసిడెన్సీలో లోపలి దారుల మీద సాయరు సుంకాలు రద్దయ్యాక ఆ పని పోయింది. పేరు మాత్రం పొలాల్లోకీ, తర్వాత పట్నాల్లోకీ, ఇప్పుడు డల్లాస్ దాకా వెళ్లింది. నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి నాకాలు, అంటే సుంకం చెక్‌పోస్టులు, ఇంకా చాలాకాలం నడిచాయి.

"అయితే మనం వెతికేది మూలపురుషుణ్ణి కాదన్నమాట, మూల టోల్‌గేటుని" అన్నాడు బావమరిది.

పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె, బాపట్ల, చీరాల. వేటపాలెంలో సారస్వత నికేతనం దగ్గర ఆగకుండా ఎలా పోతాం? 1918 నాటి గ్రంథాలయం. గాంధీగారి విరిగిన చేతికర్ర అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటే రోజు గడిచిపోతుందని బావమరిది తొందరపెట్టి లేపాడు.

చినగంజాం దగ్గర రోడ్డు పక్కన ఉప్పుమళ్లు మొదలవుతాయి. ఎండకు కళ్లు చెదిరే తెల్లటి కుప్పలు, కప్పడానికి తాటాకులు. ఉప్పు మీద ఇంగ్లీషువాళ్ల గుత్తాధిపత్యం మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో వచ్చింది. అదీ ఒక సుంకమే, అన్నిటికంటే పాడు సుంకం. మోటుపల్లి ఇక్కడికి దగ్గరే.

మోటుపల్లి ఇప్పుడొక చిన్న ఊరు. వీరభద్రస్వామి గుడి, ఇసుక, సరుగుడు తోటలు, కాస్త దూరంలో సముద్రం. ఒకప్పుడు ఇది కాకతీయులకు పెద్ద రేవు, దేశ్యుయ్యకొండపట్టణం అని ఇంకో పేరు. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది దీన్నే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ, రాణి న్యాయంగా పాలిస్తోందనీ మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఈ గుడి మండపంలో రాతికంబం మీద ఉంది.

అచ్చయిన పాఠాన్ని ఫోనులో పెట్టుకుని కంబం ముందు నిలబడ్డాను. గాలివానకు దారి తప్పి, విరిగి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. మేము మాత్రం సముద్రం దాటే సాహసం చేసినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, కట్టుబడి సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అంటాడు రాజు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. ఆ కింద సరుకుల పట్టీ ఉంది. గంధం, కర్పూరం, చీనికర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. దేనికెంతో రాసిపెట్టారు. సుంకరి చేతివాటానికి రాయితో కళ్లెం వేసినట్టే కదా ఇది! మా వృత్తి గురించి నేను చదివిన వాటిలో కాస్త గౌరవంగా కనిపించిన కాగితం, కాగితం కాని ఈ రాయి ఒక్కటే. నూరేళ్లు దాటాక కొండవీటి అనపోతారెడ్డి కూడా 1358లో ఇక్కడే ఇంకో శాసనం వేయించి సుంకాలు తగ్గించాడు. ఆ తర్వాతి తరంలో శ్రీనాథుడి చేత కావ్యం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ సెట్టి సుగంధద్రవ్యాలు తెప్పించింది ఇలాంటి రేవుల్లోంచే.

గుడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మా చదువంతా వింటూ ఉన్నాడు.

"ఏ ఊరబ్బాయ్ మీది? ఆ రాయిని ఇంతసేపు చూసేటోళ్లు రారు ఈడికి."

చెప్పాను. ఇంటిపేరు వినగానే గోత్రం అడిగాడు, అదీ చెప్పాను.

"మా మేనల్లుడికి పిల్లనిచ్చింది సుంకరోళ్లే. నిజాంపట్నం కాడ. గోత్రం మాత్తరం ఇది కాదబ్బాయ్. మీరు వేరే సుంకరోళ్లు. ఆళ్లను అడగాల్సింది మీరు."

నిజాంపట్నం! డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పెటపోలి అని రాసుకున్న రేవు. 1611లో ఇంగ్లీషు ఓడ గ్లోబు బందరు కంటే ముందు ఆగిందక్కడే. రేపల్లె మీదుగా వస్తూ దానికి ఎడం చేసి వచ్చేశాం. పెద్దాయన మేనల్లుడి ఇంటి గుర్తులు చెబుతుంటే బావమరిది ఫోనులో దారి చూస్తున్నాడు. ఒంగోలు భోజనం సంగతి మరిచిపోయి కారు మళ్లీ బాపట్ల వైపు తిప్పాం.