పెనాంగ్‌లో ఓడ ఆగిన పూట

సింగపూర్‌లో ఓడెక్కి, మలేసియాలోని పెనాంగ్ దీవి చూసి, మళ్లీ సింగపూర్‌లోనే దిగడం. మా కాకినాడ స్నేహితురాళ్లం ఈ ట్రిప్పు ఎంచుకున్నది చరిత్ర కోసమేమీ కాదు. వంట చెయ్యక్కర్లేదు, పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, అంతే. మేం వెళ్లినప్పుడు మలేసియాకి మనవాళ్లకి వీసా అక్కర్లేదు. కానీ సింగపూర్‌లో మళ్లీ దిగాలి కనుక అక్కడి వీసా రెండోసారికీ చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి.

ఓడ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీటి మీద తేలే పెళ్లివారిల్లు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తింటూనే ఉంటారు, ఎక్కడో మైకు మోగుతూనే ఉంటుంది. మలక్కా జలసంధిలో అలల పోటు లేదు. వాంతుల మాత్రలు కొనుక్కొచ్చినవాళ్లవి సంచుల్లోనే మిగిలిపోయాయి.

పెనాంగ్‌లో ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర ఆగుతుంది. గేటు దాటితే ఊరే, జార్జ్‌టౌన్. చాలామంది బస్సు టూర్లు ఎక్కేశారు. ఓడ దిగనివాళ్లూ ఉన్నారు, ఆ రోజు ఈతకొలను ఖాళీగా ఉంటుందట! మేం నడిచాం. ముందుగా కనిపించేది గడియార స్తంభం. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండాయని అక్కడి చైనా సంతతి సంపన్నుడొకడు ఏడాదికి అడుగు చొప్పున 60 అడుగులు కట్టించాడు. కాస్త ఒరిగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పడ్డ బాంబుల వల్లనంటారు.

దాని పక్కనే కారన్‌వాలిస్ కోట. మాలో సోషల్ టీచరుగా రిటైరైనావిడ ఒకావిడ ఉంది. బోర్డు చూడగానే, "ఏమే, మన జమీందార్లకి శాశ్వత శిస్తు తగిలించిన కారన్‌వాలిసే! వీడు ఇక్కడికీ వచ్చాడా?" అంది. ఆయన రాలేదు. పేరు మాత్రం వచ్చింది. దీవిలో దిగింది ఫ్రాన్సిస్ లైట్ అనే వ్యాపారి, 1786 జులైలో. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి కాపాడతామంటే, దీవి యజమాని అయిన కెడా రాజ్యం సుల్తాను దీవి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ మాట ఇచ్చే అధికారం లైట్‌కి లేదు, నిలబెట్టుకునే ఉద్దేశం ఈస్టిండియా కంపెనీకి లేదు. మోసపోయానని తెలిసి సుల్తాను 1791లో దీవిని వెనక్కి తీసుకోబోతే ఓడించి, ఏడాదికి 6,000 స్పానిష్ డాలర్ల భరణంతో సరిపెట్టారు. అడవి కొట్టడానికి కూలీలు బద్ధకిస్తుంటే లైట్ ఫిరంగిలో వెండి నాణేలు కూరి చెట్లలోకి పేల్చాడని ఒక కథ కూడా ఉంది. నిజమో కాదో గానీ, మా టీచరమ్మ "మా స్కూల్లోనూ ఇలా చేస్తే సిలబస్ పూర్తయ్యేది" అంది.

నిజం చెప్పాలంటే కోట చూడ్డానికి చిన్నదే. మొదట తాటి జాతి చెట్ల మొద్దులతో కంచె వేశారు, ఇటుక గోడలు తర్వాత లేచాయి. ఇంతా చేసి ఏ యుద్ధమూ చూడలేదు. నాకు నచ్చింది సెరి రాంబాయ్ ఫిరంగి. 1603లో డచ్చివాళ్లు పోత పోసింది. పైన డాల్ఫిన్ ఆకారంలో పిడులు. జోహోర్ సుల్తాను నుంచి అచేకి, అక్కడి నుంచి సెలంగోర్‌కి, ఆఖరికి ఇంగ్లీషువాళ్ల చేతికి తిరుగుతూనే ఉంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు దీని గొట్టంలో పూలు పెడతారట. అమ్మమ్మలమైన మాకు ఆ అవసరం లేదు, ఫొటో దిగి వచ్చేశాం.

మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం. తమిళ వంట, సాంబారు బాగుంది. సంచిలో కందిపొడి తెచ్చుకున్న మా శాకాహారి ఆ డబ్బా తెరవనే లేదు. 1833 నాటి మహామారియమ్మన్ గుడి అక్కడే ఉంది. ఆ దగ్గర్లోనే చర్చి, చైనా గుడి, మసీదు కూడా ఉన్నాయి. మేం అన్నిటి ముందూ ఆగాం గానీ ఎండకి ఎక్కడా నిలవలేకపోయాం.

ఎండ కాస్త తగ్గాక చ్యూ జెట్టీ. నేనైతే ఇంకో పూట ఉన్నా అక్కడే గడిపేదాన్ని. నీళ్లలో గుంజలు పాతి, చెక్కలు పరిచి, వాటి మీద ఇళ్లు. ఒక్కో జెట్టీ ఒక్కో ఇంటిపేరువాళ్లది: చ్యూ, లిమ్, టాన్, లీ. చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చినవాళ్ల వంశాలు. చెక్కల సందుల్లోంచి కింద బురద, చిన్న పీతలు కనిపిస్తాయి. గుమ్మం పక్కన ఎర్రటి బుల్లి పూజాపీఠం, దానిలో సగం కాలిన అగరొత్తులు, పక్కనే తీగ మీద ఆరేసిన లుంగీ. ముందు వరసంతా టీషర్టుల దుకాణాలే, చిరాకేస్తుంది. చివరిదాకా నడిస్తేగానీ అసలు జెట్టీ కనిపించదు. సముద్రం పోటు తగ్గినప్పుడు వాసన మాత్రం మన జగన్నాథపురం వంతెన దగ్గరిదే.

తిరుగుదారిలో జాజికాయలు కొన్నాం. కంపెనీ ఇండోనేషియాలోని మలుకు దీవుల నుంచి మొక్కలు తెప్పించి ఇక్కడ తోటలు వేయించింది. మనం గింజే వాడతాం, వీళ్లు పైనున్న కండను కూడా పంచదారలో ఊరబెట్టి అమ్ముతారు. కాస్త ఘాటు, కాస్త తీపి. మా శాకాహారి ఏకంగా ఆరు పొట్లాలు కొంది. ఓడెక్కేటప్పుడు స్కానర్ దగ్గరాయన ఒక పొట్లం తీసి వాసన చూసి ఇచ్చేశాడు. "ఇంకోటి తీసుకో నాయనా" అని ఈవిడ తెలుగులోనే బలవంతపెడుతుంటే మా వెనక లైను ఆగిపోయింది.