టాంజానియా సేవకు వెళ్లేవారికి: ముందు గడియారం, తర్వాత ప్రసంగం

సంఘపెద్ద వచ్చి "పెళ్లి ఆరాధన సా నానే" అని చెప్పి వెళ్తాడు. సా అంటే గంట, నానే అంటే ఎనిమిది. కొత్తగా వచ్చిన మన పాస్టరుగారు ఉదయం ఎనిమిదికల్లా ఇస్త్రీ చొక్కాతో గుడి ముందు నిలబడతారు. అక్కడ ఆవరణ ఊడ్చే మనిషి తప్ప ఎవరూ ఉండరు. ఆ ఎనిమిది మన మధ్యాహ్నం రెండు గంటలు.

అక్కడి భాష స్వాహిలీలో గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కాబట్టి పొద్దు పొడిచే వేళ ఏడాదంతా పెద్దగా మారదు. మన ఉదయం ఏడు వాళ్లకు సా మోజా, అంటే ఒకటి. మన పెద్దవాళ్లు "జాము పొద్దెక్కింది" అన్నట్టే. కాకపోతే జాము మూడు గంటలు, ఇక్కడ గంట గంటకూ లెక్క. ముళ్ల గడియారం ఉంటే పని తేలిక: చిన్నముల్లు చూపే అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదివితే చాలు. అందుకే మామూలు చేతి గడియారం ఒకటి తీసుకెళ్లమంటాను. ఫోనులో కనిపించేది మన లెక్క, నోట వినిపించేది వాళ్ల లెక్క, తికమకంతా అక్కడే. బస్సు టికెట్టు చేతిలోకి తీసుకోగానే అంకెతో పాటు పూట కూడా అడగండి: ఉదయమైతే అసుబుహి, పగలైతే మ్చానా, సాయంత్రమైతే జియోని, రాత్రయితే ఉసికు. "సా కుమి నా మ్బిలి అసుబుహి" అన్నారంటే పన్నెండు కాదు, తెల్లవారి ఆరింటికి బస్సు కదులుతుంది.

భాష విషయంలో మనకు కలిసొచ్చేవి చాలానే ఉన్నాయి. స్వాహిలీ మాటలు తెలుగు మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. హబారి మన కబురే, రెండూ అరబ్బీ నుంచి వచ్చినవి. దుకాణం దుకా, రంగు రంగి, బీమా బీమా, వకీలు వకీలి. ఆటోని బజాజి అంటారు. వడ్లు ంపుంగా, బియ్యం ంచేలే, అన్నం వాలి: ఈ మూడింటికీ వేరు వేరు మాటలెందుకో ఇంగ్లీషువాళ్లకు విడమరిచి చెప్పాలి, మనకు అక్కర్లేదు. పాస్టరును ంచుంగాజి అంటారు, అంటే కాపరి. సంఘకాపరి అనడం అలవాటున్న మనకు అది సొంత మాటలాగే ఉంటుంది.

చిక్కొచ్చేది వరసల దగ్గర. మామా అంటే అమ్మ. బాబు అంటే తాత. దాదా అంటే అక్క, కాకా అంటే అన్న. అలవాటుకొద్దీ ఐదేళ్ల పిల్లవాణ్ని "బాబూ, ఇలా రా" అని పిలిస్తే వాడు వెనక్కి తిరిగి ముసలాయన ఎవరొస్తున్నారా అని చూస్తాడు. "రాత్రికి కుకు వండాం" అంటే కంగారు పడొద్దు, అది కోడి. మ్బుజి తెమ్మంటే మేకే కానక్కర్లేదు, కొబ్బరి తురిమే పీటను కూడా మ్బుజి అనే అంటారు. మిమ్మల్ని పిల్లలు "ంహిందీ" అని పిలుస్తారు, అంటే భారతీయుడని. బహువచనం వాహిందీ. మాహిందీ అంటే మొక్కజొన్నలు. పరిచయంలో "నేను మాహిందీ" అన్నారంటే సభంతా ఘొల్లుమంటుంది, మీరూ కలిసి నవ్వేయండి. ఆ రోజు నుంచి ఊళ్లో మీ పేరు అందరికీ గుర్తుంటుంది.

పలకడంలో మనవాళ్లందరూ తడబడే చోటు ఒకటుంది. స్వాహిలీలో రెండు 'జ'లు. లిమెజా అన్న మాటలో 'జ'ను జీతంలో పలికినట్టు పలికితే నిండింది అని అర్థం. అదే 'జ'ను జడలో పలికినట్టు పలికితే కన్నది అని. గుడి నిండినందుకు దేవునికి స్తోత్రం చెప్పబోయి గుడి ప్రసవించిందని చెప్పేస్తాం. జీతం, జడ, జీతం, జడ అని రోజూ పది నిమిషాలు పలికి చూసుకోండి. ఇంకొకటి: పెళ్లి చేసుకున్నాను అనడానికి మనకు ఒకటే మాట. అక్కడ మగవాడు "నిమెఓవా" అంటాడు, ఆడమనిషి "నిమెఓలేవా" అంటుంది. ఇవి తారుమారు చేస్తే సంఘంలో వారం రోజులు అదే కబురు.

నా గట్టి అభిప్రాయం, మొదటి మూడు నెలలూ ప్రసంగం ఒప్పుకోకూడదు. పలకరింపు నేర్చుకోవాలి. విక్టోరియా సరస్సు ఒడ్డున ముసోమా దగ్గర మకోకోలో భాషా పాఠశాల ఉంది, మిషనరీలు చాలామంది అక్కడే మొదలుపెడతారు. పెద్దవాళ్లు కనిపిస్తే "షికమో" అనాలి, వాళ్లు "మరహబా" అంటారు. వయసులో చిన్నవాళ్లకు మీరు షికమో చెప్పకూడదు. కాథలిక్కులైతే "తుంసిఫు యేసు క్రిస్తో" అంటారు, బదులు "మిలేలే ఆమినా". తర్వాత ఇల్లు, పిల్లలు, పని, ఒక్కొక్కటీ అడుగుతారు. అన్నిటికీ "ంజూరి" అనే చెప్పాలి, బాగుందని. జ్వరంతో ఉన్నా ముందు ంజూరి, ఆ తర్వాతే జ్వరం సంగతి. ఇదంతా అయ్యాకే వచ్చిన పని ఎత్తాలి. తొందరపడి పనిలోకి దిగితే మనిషికి మర్యాద తెలియదనుకుంటారు.

తిండికి ఇబ్బంది లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంకటి, పక్కన మ్చిచా, అంటే తోటకూర. లీటరు నీళ్లకు అరకిలో దాకా పిండి పడుతుంది. ముందు గుప్పెడు పిండిని చన్నీళ్లలో కలిపి మరిగే నీళ్లలో పోసి జావలా ఉడకనివ్వాలి. ఆ తర్వాత మిగతా పిండి కొంచెం కొంచెంగా చల్లుతూ తెడ్డుతో గిన్నె గోడకేసి అదమాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి మిగిలిపోతుంది, రాత్రంతా కడుపునొప్పి.

లూథరన్ సంఘాలకు వెళ్తే ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బయల్దేరకండి. గుడి బయట ంనాదా ఉంటుంది. కానుకగా వచ్చిన గుడ్లు, అరటిగెల, చెరకు, కోడి అక్కడ వేలం వేస్తారు. మన దగ్గర కోత పండుగకు చేసేదే, అక్కడ మామూలు ఆదివారాల్లోనూ జరుగుతుంది. ఇస్త్రీ చొక్కా జేబులో వెయ్యి, రెండు వేల షిల్లింగుల నోట్లు పెట్టుకోండి. మియా తానో అంటే 500, ఎల్ఫు మోజా అంటే 1,000, ఎల్ఫు మ్బిలి అంటే 2,000, ఈ మూడూ నోటికి రావాలి. దూరంగా తెలిసినవాళ్లు కనిపించారని చెయ్యి ఊపితే అది పాటగా లెక్కేసుకుంటారు, కాళ్లు కట్టిన కోడి మీ చేతికొస్తుంది. అప్పుడు కాదనకుండా డబ్బు కట్టేసి, కోడిని తిరిగి వేలానికే ఇచ్చేయొచ్చు. రెండోసారి అమ్మిన డబ్బు కూడా గుడికే చేరుతుంది.