పెంటాక్స్ ఎంఎక్స్‌కు చిన్న లెన్సు: నలభయ్యా, యాభయ్యా?

1976లో వచ్చిన పెంటాక్స్ ఎంఎక్స్, 35 మి.మీ. ఫిల్ము వాడే ఎస్‌ఎల్‌ఆర్ (లోపలి అద్దం సాయంతో లెన్సులోంచే దృశ్యం చూపే) కెమెరాలలో అతి చిన్నవాటిలో ఒకటి. బాడీ బరువు 495 గ్రాములు, మందం 49.5 మి.మీ.; షట్టరు పూర్తిగా యాంత్రికం కనుక వెలుతురు కొలిచే మీటరుకు తప్ప బ్యాటరీతో పని లేదు. ఇంత చిన్న బాడీని ఏరి కోరి తెచ్చుకుని, దానికి బారెడు జూమ్ తగిలిస్తే కొన్న ప్రయోజనమే పోతుంది. అందువల్ల దీనికి ఎప్పుడూ తగిలించి ఉంచదగిన పాత ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ కాకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ (చూపు వెడల్పును నిర్ణయించే మి.మీ. అంకె) ఉన్నది, ఏది అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎవరిని అడిగినా సాధారణంగా పెంటాక్స్ ఎం సిరీస్ లెన్సులలోని 40 మి.మీ. ఎఫ్/2.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు) పేరే చెబుతారు. నేను అన్నీ చూసుకుని 50 మి.మీ. ఎఫ్/1.7 తీసుకున్నాను.

నలభైకి ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు. దాని పొడవు 18 మి.మీ., బరువు 110 గ్రాములు. కెమెరాకు తగిలిస్తే లెన్సు పెట్టినట్టు కాక మూత పెట్టినట్టే కనిపిస్తుంది. పాన్‌కేక్ లెన్సులు, అంటే ఇలా పలచగా ఉండేవి, చాలావరకు 40, 45 మి.మీ. దగ్గరే ఎందుకు పుట్టాయో గమనిస్తే ఈ లెన్సు గొప్పతనం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అద్దం పైకి లేచి దిగాలి కనుక అక్కడ ఖాళీ ఉండి తీరాలి. పెంటాక్స్ కె మౌంటులో (బాడీకి లెన్సు తగిలే అమరికలో) మౌంటు అంచు నుంచి ఫిల్ము వరకు దూరం 45.46 మి.మీ. ఫోకల్ లెంగ్త్ తగ్గే కొద్దీ గాజు ఫిల్ముకు దగ్గరగా జరగాలి, కానీ జరిగితే అద్దానికి తగులుతుంది. ఆ చిక్కు తప్పించడానికి 28 మి.మీ. వంటి వైడ్ లెన్సులలో ముందు భాగంలో కాంతిని విడదీసే గాజులు చేర్చి, లెన్సు మొత్తాన్ని అద్దానికి దూరంగా నిలబెడతారు. దానితో గాజుల సంఖ్యా పొడవూ పెరుగుతాయి. నలభై దగ్గర ఆ తంటా లేకుండానే పని జరుగుతుంది. నాలుగు గుంపులుగా అమర్చిన ఐదు గాజులతో ఈ లెన్సు తయారైపోయింది. పైగా 24×36 మి.మీ. ఫ్రేము కర్ణం 43.3 మి.మీ. కనుక, వైడ్ అనిపించని, ఇరుకూ కాని సహజమైన చూపు కూడా ఇక్కడే దొరుకుతుంది. లెక్క ప్రకారం చూస్తే దీనికి వంక పెట్టలేం.

వంకలన్నీ వాడకంలోనే ఉన్నాయి. పద్దెనిమిది మిల్లీమీటర్లలోనే అపర్చర్ రింగు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని మార్చేది), ఫోకస్ రింగు రెండూ ఇరుక్కోవాలి కనుక ఫోకస్ రింగు సన్నని పట్టీలా మిగిలింది. కంటి దగ్గర కెమెరా పెట్టుకుని తడుముకుంటే వేళ్లు ఒక రింగుకు బదులు మరొకదాని మీదికి పోవడం మామూలే. ఆటోఫోకస్ ఉన్న కెమెరాలో దీన్ని పట్టించుకోనక్కరలేదు. ప్రతి ఫోటోకూ చేత్తోనే ఫోకస్ తిప్పాల్సిన కెమెరాలో మాత్రం ఇది చిన్న విషయం కాదు. రెండోది వెలుతురు. ఎఫ్/1.7తో పోలిస్తే ఎఫ్/2.8 దగ్గర ఫిల్ముకు చేరే కాంతి మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ట్యూబ్‌లైటు వెలుగులో ఉన్న టీ కొట్టును 400 ఐఎస్‌ఓ (వెలుతురుకు ఫిల్ము స్పందించే వేగం) ఫిల్ముతో యాభై మీద సెకనులో 1/60 వంతు షట్టరుతో తీయగలిగితే, అదే ఫోటోకు నలభై మీద 1/30 కూడా చాలదు. డిజిటల్‌లోలాగా ఐఎస్‌ఓ పెంచుకుందామంటే, రోలు పూర్తయ్యేదాకా ఫిల్ము మారదు.

ఇక పాన్‌కేక్ గురించి అందరూ చెప్పే పెద్ద సౌకర్యం, కోటు జేబులో పట్టడం. చలి దేశాల వాళ్లకు అది నిజమే కావచ్చు. హైదరాబాదులో ఏప్రిల్ నెలలో కోటు వేసుకుని తిరిగే మనిషి నాకింతవరకు తారసపడలేదు. మనకు కెమెరా ఉండేది భుజాన వేలాడే సంచిలో. అక్కడ ఎంఎక్స్ మందం నలభైతో 67, యాభైతో 80 మి.మీ. చిల్లర అవుతుంది. ఆ పదమూడు మిల్లీమీటర్ల కోసం వెలుతురు వదులుకోవడం నాకు గిట్టుబాటుగా అనిపించలేదు. పైగా డిజిటల్ కెమెరాల వాళ్లు కూడా అడాప్టర్లతో దీని వెంట పడడం వల్ల నలభై ధర పెరిగింది. యాభై మాత్రం ఆ రోజుల్లో చాలా బాడీలతో కలిపి అమ్మినదే కనుక ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది.

ఎం సిరీస్ 50 మి.మీ. ఎఫ్/1.7 పొడవు 31 మి.మీ., బరువు 185 గ్రాములు. ఎంఎక్స్ మీద దీనికి చాలా కెమెరాల మీద దొరకని లాభం ఒకటుంది. ఈ కెమెరా వ్యూఫైండరులో 50 మి.మీ. లెన్సుతో బొమ్మ 0.97 రెట్లు, అంటే దాదాపు అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది. అందువల్ల ఎడమ కన్ను మూయకుండానే కుడి కంటితో ఫ్రేము చూడవచ్చు. రెండు కళ్లలోని దృశ్యాలూ ఒకదానిమీద ఒకటి కుదిరి, వీధిలో నడిచి వస్తున్న మనిషి ఫ్రేములోకి అడుగుపెట్టకముందే కనిపిస్తాడు. నలభైతో అదే బొమ్మ 0.78కి తగ్గి ఈ వెసులుబాటు పోతుంది. దగ్గరి ఫోకస్ కూడా నలభైకి 60 సెం.మీ. వద్ద ఆగిపోతే, యాభై 45 సెం.మీ. దాకా వస్తుంది.

యాభైకి లోటు లేదని కాదు. చిన్న గదిలో చుట్టాలందరినీ ఒక్క ఫ్రేములోకి తేవాలంటే వీపు గోడకు ఆనుతుంది. అటువంటి చోటికి ఎం సిరీస్‌లోనే 28 మి.మీ. ఎఫ్/2.8 ఉంది, అదీ 31 మి.మీ. పొడవే, ఫిల్టరు కూడా యాభైకి పట్టే 49 మి.మీ. కొలతే. 35 మి.మీ. ఎఫ్/2.8 మంచిదే కానీ, యాభై చేతిలో ఉన్నాక రెండో లెన్సుగా మరింత తేడా ఉన్న ఇరవై ఎనిమిదే నాకు నచ్చుతుంది. కోనికా హెక్సనాన్ 40 మి.మీ. ఎఫ్/1.8 చూసి మనసు పారేసుకునేవారికి ఒక మాట: దాని మౌంటు దూరం పెంటాక్స్ కంటే దాదాపు ఐదు మి.మీ. తక్కువ కనుక, మధ్యలో అడాప్టరు పెట్టినా దూరపు వస్తువులు ఫోకస్‌లోకి రావు.

పాత లెన్సు కొనేటప్పుడు పైన గీతలు చూసి బెంగపడడం కంటే, వెనక వైపు మౌంటులో ఉన్న చిన్న మీటను చూడడం ముఖ్యం. కె మౌంటు లెన్సును కెమెరా నుంచి విప్పితే, మీరు అపర్చర్ రింగు మీద పెట్టిన అంకెకు తగ్గట్టు బ్లేడ్లు (రంధ్రాన్ని చిన్నది చేసే పలచని రేకులు) మూసుకునే ఉంటాయి. మీటను వేలితో పక్కకు నెడితే తెరుచుకుంటాయి. రింగును ఎఫ్/22 మీద పెట్టి, మీటను నెట్టి వదలాలి. బ్లేడ్లు కనురెప్ప పాటులో మూసుకుంటే లెన్సు మంచిది. బద్ధకంగా జరిగితే వాటి మీదికి నూనె చేరిందన్నమాట. షట్టరు తెరుచుకునే సమయానికి బ్లేడ్లు పూర్తిగా మూసుకోక, రంధ్రం చిన్నది చేసి తీసిన నెగెటివ్‌లలో వెలుతురు ఎక్కువ పడుతుంది. తరువాత రింగును ఎఫ్/1.7కు తిప్పి, మీటను నెట్టి పట్టుకుని, ఫోను టార్చిని వెనక నుంచి ఏటవాలుగా వేసి చూడాలి. దుమ్ము రేణువులు ఉంటే పరవాలేదు. సాలెపోగుల వంటి కొమ్మలు పాకి ఉంటే అది ఫంగస్. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో అలమరలో తోలు కేసులో ఏళ్ల తరబడి ఉండిపోయిన లెన్సులలో ఇది తరచుగా కనిపిస్తుంది. అంచున కొద్దిగా ఉంటే శుభ్రం చేయించవచ్చు కానీ, కోటింగును తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. అటువంటిది ఎంత చవకగా ఇస్తానన్నా తీసుకోకండి. కొన్నాక తోలు కేసును పక్కన పడేసి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచితే చాలు. లోపల తేమ 40, 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోవడానికి ఒక చిన్న హైగ్రోమీటరు కూడా అందులోనే పడేయండి.