మోనో టేపును స్టీరియో చేశాను, మామ గిటార్‌ను వెనక్కి తెచ్చాను

పాట మొత్తానికి తయారైంది. నిన్న రాత్రే మామకు పంపాను. ఆ హైదరాబాద్ స్టూడియో మీద కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. పాత మోనో పాటను, అంటే అన్నీ ఒకే ఛానల్‌లో ఉన్నదాన్ని, ఎడమ కుడి వేర్వేరుగా వినిపించే స్టీరియోగా మార్చే పనికి దిగే ఇంకెవరికైనా ఉపయోగపడాలి.

మా మేనమామ 1969లో సికింద్రాబాద్‌లో చదువుకుంటూ స్నేహితులతో రాక్ బ్యాండ్ నడిపాడు. ఎలక్ట్రిక్ గిటార్ ఆయనదే. ఒకే మైకు పెట్టి స్పూల్ టేపు మీద ఎక్కించిన ఒక్క పాట మిగిలింది. గొంతు, గిటార్, ఆర్గాన్, బేస్, డ్రమ్స్ అన్నీ ఒకే ట్రాక్‌లో. టేపును 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96 వేల నమూనాలు తీసుకుంటూ, డిజిటల్ చేయించడం తేలికగానే అయింది. కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే హమ్‌ను 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర సన్నగా కోసేశాను.

అసలు చిక్కు స్టీరియోతో వచ్చింది. అమెరికా బ్యాండ్ బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' 1966లో మోనోలో వచ్చినా, 1997లో దానికి అసలైన స్టీరియో మిక్స్ చేయగలిగారంటే కారణం వాయిద్యాలు, గొంతులు విడివిడిగా ఎక్కిన సెషన్ టేపులు ఉండటమే. మన దగ్గర అవి లేవు. 2022లో బీటిల్స్ ఆల్బమ్ 'రివాల్వర్' రీమిక్స్‌కు చేసినట్టు, ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన వాయిద్యాలను కంప్యూటర్‌తో విడదీయాలి. మామ పెళ్లి యాభయ్యో ఏడు ఫంక్షన్ దగ్గర పడింది. అందుకే హైదరాబాద్‌లో ఒక స్టూడియోకు అడ్వాన్స్ కట్టి అప్పజెప్పాను. హెడ్‌ఫోన్లలో వినిపిస్తే గిటార్ రెండు చెవుల అవతల నుంచి మోగింది. చాలా బాగుందనిపించింది.

ఫంక్షన్ మా నల్లగొండలోనే, పెద్ద గడియారం దగ్గరి హాల్లో. చుట్టాలంతా ఉన్నారు. మామ మైకు పట్టుకుని, "ఆగుండ్రి, ఇప్పుడు నా సోలో వస్తది" అన్నాడు. సోలో రావాల్సిన చోట డ్రమ్స్ ఉన్నాయి, బేస్ ఉంది, గిటార్ లేదు. సౌండ్ సిస్టమ్ అబ్బాయి వాల్యూమ్ పెంచాడు. డ్రమ్స్ పెరిగాయి తప్ప గిటార్ రాలేదు. మామ నా వైపు తిరిగి, "ఏందిరా అల్లుడా, నా గిటార్ యాడబోయింది?" అన్నాడు, మైకులోనే. మా అత్త తరఫు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దమనిషి "ఇంతకూ నువ్వు వాయించినవా, లేదా?" అని అడిగేశాడు. మామ నవ్వలేదు. మైకు నా చేతిలో పెట్టి కిందికి దిగిపోయాడు. ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ రాత్రే ఫైల్ తెరిచి చూశాను. ఎడమ, కుడి ఛానళ్లు ఎంత కలుస్తున్నాయో చూపే కోరిలేషన్ మీటర్ (+1 అంటే రెండూ ఒకటే, −1 అంటే పూర్తిగా ఎదురెదురు) సోలో అంతటా −1 వైపే వాలి ఉంది. గిటార్‌ను ఎడమవైపు మామూలుగా, కుడివైపు అదే ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి పెట్టారు. హెడ్‌ఫోన్లలో అది విశాలంగా వినిపిస్తుంది. హాల్ మిక్సర్ రెండు ఛానళ్లను కలిపి మోనో చేస్తుంది కాబట్టి ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోయి సున్నా అయింది. స్టూడియోకు ఫోన్ చేస్తే "మీ ఊళ్లో సిస్టమ్‌లు అట్లనే ఉంటాయి సార్" అన్నారు. మా ఊరేం తప్పు చేసింది? ఫంక్షన్ హాళ్లు, గుడి మైకులు, ఒకే స్పీకరున్న ఫోన్లు, హైదరాబాద్‌లో అయినా ఇవి మోనోనే. మోనోలో విని చూడకుండా ఫైల్ చేతికిచ్చేవాళ్లకు దయచేసి డబ్బులివ్వకండి. 1960లలో అమెరికా కంపెనీలు కూడా మోనో పాటల్లో బేస్‌ను ఒకవైపు, సన్న శబ్దాలను ఇంకోవైపు నెట్టి స్టీరియో అని అమ్మాయి. వీళ్లు చేసిందీ అలాంటి మాయే.

ఇక నేనే కూర్చున్నాను. పాటలోంచి వాయిద్యాలను విడదీసే డెమక్స్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. అది 44.1 కిలోహెర్ట్జ్‌లో పని చేస్తుంది కాబట్టి ముందే ఆ రేటుకు మార్చుకోండి. మామూలు మోడల్ గొంతు, డ్రమ్స్, బేస్ తీసి మిగతాదంతా ఒకే స్టెమ్‌లో, అంటే విడదీసిన ఒకే ముక్కలో, పడేస్తుంది. ఆరు స్టెమ్‌ల మోడల్‌తో గిటార్ విడిగా వచ్చింది, కానీ పూర్తిగా కాదు. సోలో చివర మామ ఒక స్వరాన్ని సాగదీసి పట్టుకుంటాడు. దాని పై హార్మోనిక్స్, అంటే ఆ స్వరంతో పాటే మోగే సన్న స్వరాలు, ఆర్గాన్ ఉన్న స్టెమ్‌లోకి జారిపోయాయి. గిటార్‌ను ఎడమకు, ఆర్గాన్‌ను కుడికి జరపగానే ఆ ఒక్క స్వరం గది దాటి నడుచుకుంటూ పోయినట్టు వినిపించింది. ఏ స్వరం ఎప్పుడు మోగిందో గీతలుగా చూపే స్పెక్ట్రమ్ బొమ్మలో ఆ గీతలను ఒక్కొక్కటే పట్టుకుని గిటార్ స్టెమ్‌లోకి మార్చాను. మెడ పట్టేసింది, కానీ స్వరం కదలకుండా నిలబడింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. స్టెమ్‌లన్నీ కలిపినా అసలు పాట అచ్చంగా తిరిగి రాదు. అసలులోంచి ఆ మొత్తాన్ని తీసేస్తే మిగిలే పొట్టును, అంటే కాస్త హిస్ (టేపు సుయ్‌మనే శబ్దం), కాస్త సింబల్ (డ్రమ్స్‌లోని తాళం), పారేయకుండా మధ్యలో పెట్టాలి. పాన్ లా, అంటే మధ్యలో పెట్టిన శబ్దాన్ని రెండు వైపులా ఎంత తగ్గించాలో చెప్పే సెట్టింగ్, −6 డెసిబెల్స్‌కు మార్చుకోవాలి, ఎకో కలపకూడదు. అప్పుడు స్టీరియోను మళ్లీ మోనో చేస్తే అసలు టేపే వస్తుంది. అసలును తలకిందులు చేసి దాని మీద వేశాను, రెండూ కొట్టుకుపోయి పూర్తి నిశ్శబ్దం. ఆ స్టూడియో చేయలేని పని నల్లగొండలో ఒక ల్యాప్‌టాప్ మీద అయింది. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

మామ ఈ పొద్దున ఫోన్ చేశాడు. స్టేజీ మీద జనాలకు ఎడమవైపే నిలబడేవాడట, గిటార్ సరిగ్గా అక్కడే ఉందన్నాడు. ఆర్గాన్ కొంచెం పెంచమన్నాడు. పెంచితే మోనోలో అసలు టేపుకు తేడా వస్తుందని చెప్పి ఒప్పించాను. వచ్చే నెల మనవరాలి ఫంక్షన్‌కు అదే హాల్ బుక్ చేశారు, పాట మళ్లీ వేస్తాం. స్టూడియో అడ్వాన్స్ ఇంకా తిరిగివ్వలేదు, అడుగుతూనే ఉన్నాను.